బడి మనది, మరి మాట ఎవరిది?

పోయిన ఏడాది మా బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టినారు. హోసూరు దగ్గర గులాబీ తోటలో పనిచేసే మా అమ్మ ఆ రోజు కూలి వదులుకొని వచ్చింది. "ఆరో తరగతిలో తెలుగు మీడియం తీసేస్తారంట, నిజమేనా సార్?" అని అడిగింది. "మీ అభిప్రాయం రాసుకున్నామమ్మా" అన్నారు. ఇంటికొచ్చే దారిలో అమ్మ, "రాసుకొని ఏం చేస్తార్రా?" అనింది. నాకు జవాబు తెలియలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

సాంఘిక శాస్త్రం సార్ సాయంతో 2009 నాటి విద్యా హక్కు చట్టం చదివినాను. 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడుల్లో స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు. బడి ఎట్లా నడుస్తోందో, ప్రభుత్వం ఇచ్చిన డబ్బు ఎట్లా ఖర్చవుతోందో చూడడం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం వాళ్ళ పని. ఇదంతా మా అమ్మ కోసమే రాసినట్టు అనిపించింది.

అయితే 2012లో సవరణ వచ్చింది. మైనారిటీ బడుల్లోనూ, మిగతా ఎయిడెడ్ బడుల్లోనూ ఆ కమిటీ సలహా మాత్రమే ఇవ్వాలి. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టమే మైనారిటీ బడులకు వర్తించదని చెప్పింది. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమ బడులు పెట్టుకొని నడుపుకొనే హక్కు ఇచ్చింది కాబట్టి.

ఆ హక్కు తప్పని నేననను. మనకు అది గొడుగు. తమిళనాడులో 2006 చట్టం తమిళాన్ని తప్పనిసరి చేసినాక, పదో తరగతి పరీక్ష కోసం భాషా మైనారిటీల వాళ్ళు కోర్టుకెక్కినారు. 2023లో సుప్రీంకోర్టు తమిళ పేపరు మినహాయింపును ఒక్క ఏడాదికి పొడిగించింది. గొడుగు ఎంత అవసరమో మనకు తెలుసు.

నా విమర్శ వేరే. ఆ హక్కు మైనారిటీలది, అంటే మా అమ్మది కూడా. కానీ ఆచరణలో అది యాజమాన్యం చేతిలోనే ఆగిపోతోంది. నడుపుకొనే హక్కంటే చెడ్డగా నడిపే హక్కు కాదని కేరళ విద్యా బిల్లు విషయంలో 1958లోనే సుప్రీంకోర్టు చెప్పింది. తల్లిదండ్రులను అడగకుండా తీసుకొనే నిర్ణయం మంచి నిర్వహణ ఎట్లా అవుతుంది?

యాజమాన్యం కష్టం కూడా చూడాల. తెలుగు మీడియంలో పిల్లలు తగ్గిపోతున్నారు. మా వీధిలోనే చాలామంది ఇంగ్లీషు మీడియంకు పోతున్నారు. అందరినీ పిలిచి లెక్కలు చూపిస్తే, బహుశా తల్లిదండ్రులే "సరే, తీసేయండి" అనొచ్చు. అప్పుడు నాకు బాధ ఉంటుంది గానీ ఫిర్యాదు ఉండదు.

చట్టం మనల్ని బలవంతం చేయదు. అట్లని అడ్డుకోదు కూడా. తల్లిదండ్రులను ఎన్నుకొని మనమే ఒక కమిటీ పెట్టుకోవచ్చు, అందులో సగం మంది అమ్మలే ఉండొచ్చు. సమావేశంలో ఎవరు ఏమడిగినారో, ఏం తేల్చినారో తెలుగులో రాసి నోటీసు బోర్డులో పెట్టొచ్చు. దానికి ఒక కాగితం చాలు.

వచ్చే సమావేశానికీ అమ్మ కూలి వదులుకొని వస్తానంటోంది. ఆమె ప్రశ్నకు ఈసారి జవాబు దొరకాల.