గోడని పట్టుకున్న చెట్టు

మొన్న ఆదివారం మా పక్క మండలంలో ఒక చెరువు గట్టుకి వెళ్ళాను. పదిహేనేళ్ళ కిందట అక్కడ పర్యాటకుల కోసం విడిది కట్టారు. నాలుగు గదులు, టికెట్ల కిటికీ, పిల్లలకి జారుడుబల్ల, హంస బొమ్మ పడవలు. మూడు నాలుగేళ్ళు నడిచింది, తర్వాత తాళం పడింది. ఇప్పుడు ఒక హంస గట్టు కింద పక్కకి ఒరిగి ఉంది. సీటు పగులులోంచి మొలిచిన తుంగ దాని మెడ దాకా లేచింది. జారుడుబల్లని తిప్పతీగ కప్పేసింది. టికెట్ల కిటికీ పైన సన్‌షేడుకీ గోడకీ మధ్య జానెడు రావిమొక్క. శనివారం రాత్రి వాన పడింది, గోడ ఇంకా తడిగానే ఉంది. నా చెయ్యి దానంతటదే పైకి లేచింది.

ఈ కాలమ్‌ని మొదట్నుంచీ చదువుతున్నవాళ్ళకి రావిమొక్కల మీద నా పట్టుదల తెలిసిందే. గుడి గోపురం మీద, బడి గోడ మీద, నీళ్ళ ట్యాంకు మీద ఎక్కడ కనబడినా ఆ వారం ఇక్కడ రాస్తాను. మనకి కట్టడం వచ్చు, కట్టినదాన్ని ఏటా ఒకసారి తడిమి చూసుకోవడం రాదు. ఈ మాట ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు, ఇవాళ కూడా ఆ మాట మీదే ఉన్నాను.

మొక్క పీకడం నాకు నేర్పింది మా ఊరి ముసలి మేస్త్రి. దసరా వెళ్ళగానే నడుముకి తాడు కట్టుకుని రామాలయం గోపురం ఎక్కేవాడు. కింద తాడు పట్టుకోవడానికి నలుగురు పెద్దవాళ్ళు, బిందె అందించడానికి నేను. గోరింకో కాకో రావిపండు తిని గోపురం మీద రెట్ట వేస్తుంది. పాత సున్నం అతుకులో వాన తేమ నిలుస్తుంది. గింజకి అంతకన్నా ఏం కావాలి? రెండాకుల మొక్కయితే చూపుడువేలూ బొటనవేలూ చాలు. జానెడు దాటితే మాత్రం తొందరపడనిచ్చేవాడు కాదు. ముందు ఆ అతుకు తడపాలి. కాసేపు ఆగాలి. మొదలు దగ్గర పట్టుకుని, లాగకుండా, అటూ ఇటూ మెలితిప్పుతూ ఉంటే లోపల వేరు వదులైనట్టు వేళ్ళకి తెలుస్తుంది. అప్పుడు లాగాలి. తల్లివేరు పూర్తిగా వస్తే తోకలా సన్నగా ఉంటుంది చివర. మొండిగా తెగిందంటే వచ్చే ఏడు అక్కడే రెండు మొక్కలు. తెగిన చోట ఇంగువ కూరేవాడు, పైన సున్నం, ఇసుక కలిపి మెత్తేవాడు. ఎవరైనా సిమెంటు తెస్తానంటే ఒప్పుకునేవాడు కాదు. సున్నపు గోడ తేమని పీల్చుకుంటుంది, వదులుతుంది. సిమెంటు పెడితే ఆ తేమకి బయటికి దారి ఉండదు, పక్కనున్న ఇటుక చివికిపోతుంది. రావిని పీకితే పాపమని ఊళ్ళో ఎవరో అడ్డం వస్తే, ‘గుడిలో దేవుడు నాకు ముందు చుట్టం’ అన్నాడు. ఆ మాట ఎన్నో ఏళ్ళు నాకు తిరుగులేని సమాధానంగా ఉండిపోయింది.

ఆరేళ్ళ కిందట అండమాన్‌లో రాస్ దీవికి వెళ్ళేదాకా.

దానికి 2018 డిసెంబరులో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమని పేరు పెట్టారు. అప్పటి పోర్ట్ బ్లెయర్ నుంచి పావుగంట పడవ. 1858లో బ్రిటిష్ అధికారి డాక్టర్ వాకర్ రెండు వందల మంది ఖైదీలతో అండమాన్‌లో దిగాడు. కొద్దిరోజులకే ఖైదీల చేత ఈ దీవి అడవిని నరికించారు. నరికిన చోట చీఫ్ కమిషనర్ బంగళా, చర్చి, బేకరీ, క్లబ్బు, ఈతకొలను, టెన్నిస్ కోర్టు లేచాయి. 1941 జూన్ 26న పెద్ద భూకంపం, మరుసటి మార్చిలో జపాన్ సైన్యం. దొరల ఊరు అంతటితో సరి. యుద్ధం ముగిశాక, 1979లో నౌకాదళం చేతికి వచ్చేదాకా దీవి చెట్లదే.

ఒక గోడ ముందు చాలాసేపు నిలబడ్డాను. కప్పు లేదు. గోడ తల మీద కూర్చున్న చెట్టు రెండు వైపులా వేళ్ళు దించింది. ఒకదానికొకటి తగిలిన చోటల్లా అవి అతుక్కుపోయి వల అయ్యాయి. ఆ వల కళ్ళలోంచి ఎర్ర ఇటుక కనబడుతోంది. ఒక కిటికీ కమానుకి ఇటుకలు ఎప్పుడో రాలిపోయాయి. ఆ వంపు మాత్రం అలాగే ఉంది, వేరు ఆ వంపులోనే ఒంగి గట్టిపడింది. మా పడవలో పనిచేసే పెద్దాయనది శ్రీకాకుళం వైపు. నేను వేరుని తట్టి చూస్తుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు. ‘ఆ చెట్టు కొట్టీసేరంటే గోడ కూలిపోద్ది బాబూ. ఇన్నాళ్ళూ దాన్ని పట్టుకున్నది అదే.’

కంబోడియాలో 1186 నాటి తా ప్రోమ్ ఆలయం దగ్గర మన పురావస్తు శాఖ వాళ్ళు చేసిన పని గురించి అంతకుముందే చదివాను. అక్కడ చెట్టునీ ఉంచాలి, గుడినీ నిలపాలి. చదివినప్పుడు అది చెయ్యలేక చెప్పే సాకులా తోచింది. ఆ కమాను కింద నిలబడ్డాక మేస్త్రి ఏమనేవాడా అని ఆలోచించాను. వేరు మొదట్లో తట్టి చూసి, గునపం కింద పెట్టేసి ఉండేవాడు.

మరి చెరువు గట్టు మీది మొక్క ఇంకా జానెడే. ఇంకా దేన్నీ పట్టుకోలేదు. మేస్త్రి లెక్కన ఇవాళే పీకాలి. మొదలు పట్టుకుని ఒకసారి మెలితిప్పాను కూడా. వేరు కదిలింది. అప్పుడు వదిలేశాను. రామాలయానికి ప్రతి దసరాకీ ఎక్కే మనిషి ఉన్నాడు. ఈ విడిదికి వచ్చే ఏడు ఎవరొస్తారు? నేను రాను, కట్టినవాళ్ళు రారు. అసలు చెరువు నీళ్ళు నిలిచే చోట మట్టి పోసి కట్టిన గదులవి. ఇప్పుడు మెట్ల మీద జాలర్లు వలలు ఆరేసుకుంటున్నారు, వెనక కిటికీలో బుడుంగుపిట్టలు తిరిగే మడుగు కనిపిస్తోంది. ఈ విడిదికి మరమ్మతు చేయించమని అడుగుతూ ఈ వారం రాద్దామనే బయల్దేరాను. అడగను. దీనికి నిధులు ఇవ్వొద్దని అడుగుతున్నాను. ఆ గోడని రావికి వదిలెయ్యండి.

తిరిగొస్తూ దారిలో బడి దగ్గర ఆగాను. ప్రహరీ తడిగానే ఉంది. మూడు మొక్కలు పీకాను. మూడూ తల్లివేరుతో వచ్చాయి.