విద్యుత్ మాండలిన్ – గొప్పదనానికి గీటురాయి: యు. శ్రీనివాస్ వాదనంపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

సంప్రదాయానికి వెలుపలి వాద్యంతో, వెలుపలి పద్ధతితో వచ్చిన కళాకారుడిని గొప్పవాడని దేని ఆధారంగా నిర్ణయించాలి? కొండాపూర్ వంటి ఐటీ ప్రాంతాల వారాంతపు వేదికలపై ఎలక్ట్రిక్ గిటారుకు లభిస్తున్న ఆదరణ ఈ ప్రశ్నను మళ్ళీ ముందుకు తెస్తోంది. రాక్ గిటారిస్టుల విషయంలో వేగమే ప్రతిభ అనేవారు ఒక పక్షం, వేగం వట్టి విన్యాసం అనేవారు మరో పక్షం. ఇదే వివాదాన్ని తెలుగువాడైన మాండలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) విషయంలో పరిశీలించవచ్చు.

వాద్యంపై ఆక్షేపణ:

పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ తొలి కచేరీ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో జరిగింది. మాండలిన్‌లో గమకం పలకదన్నది ఆయన ఎదుర్కోవలసి వచ్చిన ప్రధాన ఆక్షేపణ. దీనికి వయొలిన్‌ను ఉదాహరణగా చూపడం పరిపాటి. ద్వారం వేంకటస్వామి నాయుడు చేతిలో పాశ్చాత్య వాద్యమైన వయొలిన్ కర్ణాటక వాద్యంగా వెలిగిన మాట నిజమే. అయితే ఈ పోలిక సరిపోదు. వయొలిన్‌కు మెట్లు లేవు. వేలు జారితే స్వరం జారుతుంది. మాండలిన్‌కు మెట్లున్నాయి, తీగలు జంటలుగా ఉంటాయి, మీటిన నాదం త్వరగా అణగిపోతుంది. కాబట్టి ఆక్షేపణలో బలం ఉంది.

శ్రీనివాస్ దానికి వాద్య నిర్మాణంలోనే సమాధానం వెదికారు. జంట తీగల స్థానంలో ఒంటి తీగలు అమర్చి, ఐదో తీగను చేర్చి, విద్యుత్ సాయంతో నాదాన్ని నిలబెట్టారు. ఒంటి తీగను లాగడం, దానిపై జారడం సుకరమయ్యాయి. గురువు రుద్రరాజు సుబ్బరాజు మాండలిన్ వాదకులు కారు; ఆయన పాడి వినిపించినదాన్ని శిష్యుడు వాద్యంపై పలికించేవాడు. అంటే ఇక్కడ ప్రమాణం వాద్యపు సౌలభ్యం కాదు, గాత్రం. ‘శక్తి’ బృందం కోసం జాన్ మెక్‌లాఫ్లిన్ తన గిటారు మెట్ల నడుమ చెక్కను లోతుగా తొలిపించుకోవడం కూడా ఇలాంటి అవసరం నుంచి పుట్టినదే. తరువాత ‘రిమెంబర్ శక్తి’లో వీరిద్దరూ ఒకే వేదికపై వాయించడం ఈ సామ్యానికి అర్థవంతమైన కొనసాగింపు.

వేగంపై ఆక్షేపణ:

రెండో ఆక్షేపణ వేగాన్ని గురించినది. నాదం త్వరగా అణగే వాద్యంపై ఖాళీలను స్వరాలతో నింపడం సహజమైన ప్రలోభం. శ్రీనివాస్ కల్పనస్వరాల్లోని వేగానికి సభలు చప్పట్లు కొట్టాయి. ఆ వేగమొక్కటే ఆయన కీర్తికి ఆధారమైతే విమర్శకుల సందేహం న్యాయమే. కానీ అసలు పరీక్ష రాగాలాపనలో, విలంబకాల కృతిలో ఉంది. అక్కడ ఒక స్వరాన్ని నిలిపి, దాని చుట్టూ గమకాన్ని అల్లవలసి వస్తుంది. ఆ పరీక్షలో శ్రోత వాద్యాన్ని మరచి రాగాన్ని వింటాడు. వేగం ఆయన సామర్థ్యానికి సాక్ష్యం మాత్రమే. గొప్పదనం ఈ నిలుపుదలలో ఉంది.

వారసత్వం:

సోదరుడు యు. రాజేష్, ఇతర శిష్యులు ఈ వాదనాన్ని కొనసాగిస్తున్నా మాండలిన్ వయొలిన్‌లా ప్రతి కచేరీకి అవసరమైన వాద్యం కాలేదు. దీన్ని ఆయన స్థాయికి లోపంగా లెక్కించడం ప్రభావాన్నీ, ప్రతిభనూ ఒకటిగా చూడడమే. జిమీ హెండ్రిక్స్ కుడిచేతి గిటారును తిప్పి ఎడమచేత్తో వాయించిన తీరును అనుసరించినవారు తక్కువ. యాంప్లిఫయర్ రొదను సైతం సంగీతంగా మలచవచ్చన్న ఆయన ఆలోచనను మాత్రం తరువాతి తరం అందుకుంది. వారసత్వంగా నిలిచేది పద్ధతి.

ముగింపు:

1998లో పద్మశ్రీ, 2009లో సంగీత నాటక అకాడమీ పురస్కారం శ్రీనివాస్‌కు దక్కాయి. అవి గుర్తింపుకు నిదర్శనాలే తప్ప విమర్శకు ప్రత్యామ్నాయాలు కావు. వాద్యం కొత్తదవడం గొప్పదనం కాదు. సంగీతాన్ని వాద్యానికి తగ్గించకుండా, వాద్యాన్నే సంగీతం స్థాయికి పెంచడం గొప్పదనం. ఈ గీటురాయిపై శ్రీనివాస్ కీర్తి నిలుస్తుంది. నేటి నగర వేదికలపై గిటారు పట్టినవారిని కూడా దీనితోనే కొలవడం సముచితం.