తట్టి వినే విద్య, లెక్క కట్టే యంత్రం

గోదావరిఖని ప్రాంతపు భూగర్భ గనులలో పని మొదలయ్యే ముందు సర్దారు చేతికర్రతో పైకప్పును తట్టి వింటాడు. కంగుమని గట్టిగా మోగితే కప్పు నమ్మదగినది. డొల్ల శబ్దం వస్తే కింది పొర పై పొర నుండి విడివడి ఉన్నదని అర్థం. అక్కడ ఎవ్వరినీ నిలబడనివ్వడు. సంతలో కుండ కొనే ఇల్లాలు వేలితో కొట్టి చూసేదీ ఇందుకే. వస్తువులో పగులు ఉంటే దాని గట్టిదనం తగ్గుతుంది, గట్టిదనం తగ్గితే ధ్వని మారుతుంది. చెవికి తెలిసిన ఈ సంగతిని యంత్రానికి నేర్పాలని నేడు అనేక దేశాల విశ్వవిద్యాలయాలలో డాక్టరేటు పరిశోధనలు సాగుతున్నవి. మిశ్రమ పదార్థాలతో చేసిన నిర్మాణాలలో దెబ్బ పెద్దది కాకమునుపే కృత్రిమ మేధ సాయంతో పసిగట్టడం వాటి లక్ష్యం. ఈ పరిశోధనా గ్రంథాలు చెప్పే ఫలితాలు చూడడానికి చాలా ఘనంగా ఉంటవి. వాటిని ఎంతవరకు నమ్మవచ్చునన్నది మాత్రం వేరే ప్రశ్న.

ముందుగా మిశ్రమ పదార్థమంటే ఏమిటో చూడాలి. మట్టిలో గడ్డి కలిపి గోడ పెట్టినవాడు మిశ్రమ పదార్థాన్ని తయారుచేసినవాడే. గడ్డి లాగుడును ఓర్చుకుంటుంది, మట్టి గడ్డిని పట్టి ఉంచుతుంది. నేటి మిశ్రమాలలో గడ్డి స్థానంలో గాజునార లేక కర్బన నార, మట్టి స్థానంలో గట్టిపడే జిగురు వచ్చినవి. విమానాల రెక్కలు, గాలిమరల రెక్కలు, శీతలీకరణ గోపురాలలో తిరిగే పెద్ద పంకాలు ఇట్లా తయారవుతున్నవి. రామగుండం వంటి చోట బొగ్గును మోసే కన్వేయరు బెల్టు కూడా మిశ్రమమే. రబ్బరు లోపల నైలాను గుడ్డ పొరలో, ఉక్కు తాళ్ళో ఉంటవి. బరువు మోసేది అవే, రబ్బరు వాటిని కాపాడుతుంది.

లోహానికీ మిశ్రమానికీ దెబ్బ తగిలే తీరులో పెద్ద తేడా ఉన్నది. ఇనుప రేకు మీద పానా పడితే సొట్ట కంటికి కనిపిస్తుంది. కర్బన నార పలక మీద అదే పానా పడితే పైన గోటి నొక్కంత గుర్తు మిగలవచ్చు, లేదా ఏమీ మిగలకపోవచ్చు. లోపల మాత్రం పొరలు ఒకదాని నుండి ఒకటి విడిపోయి, కిందికి పోయిన కొద్దీ వెడల్పయ్యే గోపురంలా దెబ్బ వ్యాపిస్తుంది. పైపైన చూసి తనిఖీ చేసేవాడు మోసపోయేది ఇక్కడే.

ఈ విద్యకు గనులతో పాత చుట్టరికం కలదు. 1930ల చివరలో అమెరికా గనుల శాఖకు చెందిన లెనార్డ్ ఓబర్ట్ ఒక గనిలో రాతి స్తంభాల గుండా ధ్వని వేగాన్ని కొలుస్తుండగా, ఎవరూ కొట్టకుండానే అతని పరికరంలో శబ్దాలు నమోదైనవి. భారం మోస్తున్న రాయే లోలోపల చిట్లుతూ చేసిన చప్పుడు అది. ఆసరాగా నిలిపిన కర్ర దుంగ విరగబోయే ముందు చిటపటలాడుతుందని గని కార్మికులకు ఏనాడో తెలుసు. 1950లో మ్యూనిక్‌లో జోసెఫ్ కైజర్ తన డాక్టరేటు గ్రంథంలో లోహాల మీద ఈ చప్పుళ్ళను క్రమపద్ధతిలో పరిశీలించి, ఒకసారి మోసిన భారాన్ని మించేవరకు లోహం మళ్ళీ నోరు విప్పదని చూపాడు. మిశ్రమ పదార్థం అట్లా కాదు. దెబ్బతిన్న మిశ్రమం మునుపటి భారానికి చేరకముందే మళ్ళీ మూలగడం మొదలుపెడుతుంది. ఆ తొందరపాటే దాని అనారోగ్యానికి గుర్తు.

విని ఊరుకోకుండా, తట్టి వినే పద్ధతి కూడా ఉన్నది. పలకకు చిన్న స్ఫటికపు బిళ్ళలు అంటించి, ఒకదాని ద్వారా తరంగాన్ని పంపి మిగిలిన వాటితో అందుకుంటారు. పలచని పలకలలో సాగే ఈ తరంగాల గణితాన్ని 1917లో హోరేస్ లాంబ్ చెప్పాడు. పొర విడిన చోట తరంగం చెదురుతుంది, ఆలస్యమవుతుంది. ఆ మార్పులు మెలికలు తిరిగిన గీతలుగా కనిపిస్తవి. వేల గీతలను చూపి, ఇది ఆరోగ్యం, ఇది దెబ్బ అని చెబుతూ పోతే కంప్యూటరు తనంత తాను తేడా పట్టడం నేర్చుకుంటుంది. కృత్రిమ మేధ ఇక్కడ చేసే పని ఇంతే. ఇది మాయ కాదు, చాలా ఓపికగల పోలిక.

1993లో డెన్మార్క్‌లోని ఆల్‌బోర్గ్ విశ్వవిద్యాలయంలో ఆండర్స్ రిటర్ అనే పరిశోధకుడు తన డాక్టరేటు గ్రంథంలో ఈ పనిని నాలుగు మెట్లుగా విభజించాడు. దెబ్బ ఉన్నదా, ఎక్కడ ఉన్నది, ఎంత ఉన్నది, ఇంకెంత కాలం పనిచేస్తుంది. ఈ గ్రంథాలను చదివే ఉపాధ్యాయునికి ఈ నాలుగు ప్రశ్నలూ చక్కని కొలబద్ద. నూటికి తొంభైతొమ్మిది సరిగా చెప్పిందని గర్వంగా రాసిన గ్రంథం చాలాసార్లు మొదటి మెట్టు మీదనే నిలబడి ఉంటుంది.

ఆ తొంభైతొమ్మిదైనా ఎట్లా వచ్చిందో చూడాలి. అనేక ప్రయోగాలలో దెబ్బ నిజమైన దెబ్బ కాదు. పలక తయారుచేసేటప్పుడు పొరల మధ్య అంటుకోని చిన్న ప్లాస్టిక్ ముక్క పెడతారు, లేదా పైన ఒక బరువు అంటించి దానినే దెబ్బగా భావిస్తారు. ఒకే పలక మీద వంద కొలతలు తీసి, ఎనభై యంత్రానికి నేర్పి, మిగిలిన ఇరవైతో పరీక్ష పెడతారు. తరగతిలో చేయించిన లెక్కలనే అంకెలు మార్చకుండా పరీక్షలో ఇచ్చి, పిల్లలంతా గణితజ్ఞులని ప్రకటించడం వంటిది ఇది. యంత్రం దెబ్బ లక్షణాన్ని నేర్చుకున్నదో, ఆ ఒక్క పలక ముఖాన్ని గుర్తుపట్టడం నేర్చుకున్నదో తెలియదు. పరీక్షకు వేరే పలక ఉండాలి, వీలైతే వేరే చేయి తయారుచేసినది. ఈ విషయంలో అమెరికా అంతరిక్ష సంస్థ, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కలిసి అందరికీ అందుబాటులో పెట్టిన కొలతలు మెచ్చదగినవి. కర్బన నార పలకలను పదేపదే లాగి, దెబ్బను సహజంగా పెరగనిచ్చి, మధ్యమధ్య ఎక్స్‌రే తీసి సరిచూశారు. కాని వాటి మీదనే ఆధారపడిన గ్రంథాలు పెరిగిన కొద్దీ, అందరూ ఒకే ప్రశ్నపత్రాన్ని బాగా రాయడం నేర్చుకుంటున్నారేమోననే అనుమానం తప్పదు.

రెండవ చిక్కు ఎండ. ప్రయోగశాలలో ఉష్ణోగ్రత స్థిరంగా ఉంటుంది. రామగుండం వేసవిలో 45 డిగ్రీలు దాటుతుంది, పుష్య మాసపు తెల్లవారుజామున చలి వణికిస్తుంది. వేడికి జిగురు మెత్తబడి తరంగపు వేగం మారుతుంది. ఆ మార్పు చిన్న దెబ్బ తెచ్చే మార్పును సులభంగా మింగివేయగలదు. స్విట్జర్లాండులో పడగొట్టబోయే జెడ్-24 అనే వంతెనను 1997-98లో దాదాపు ఏడాది పాటు కొలిచి, తరువాత కావాలని కొంచెం కొంచెంగా దెబ్బతీసి చూశారు. గడ్డకట్టే చలిలో పైనున్న తారు బిగిసి, ఏ దెబ్బా లేకుండానే వంతెన కంపన సంఖ్య బాగా మారినట్లు తేలింది. అది కాంక్రీటు వంతెనే అయినా పాఠం మిశ్రమాలకూ వర్తిస్తుంది. ఒక్క ఏడాది ఋతువులైనా చూడని యంత్రం మే నెలలో ప్రతి పలకకూ జబ్బు అంటగట్టవచ్చు.

మూడవది లెక్క. ఒక పొడవాటి బెల్టును పదివేల ముక్కలుగా భావించి, వాటిలో పది మాత్రమే దెబ్బతిన్నవనుకుందాం. యంత్రం ఎటు చూసినా నూటికి తొంభైతొమ్మిది సరిగా చెబుతుంది. దెబ్బతిన్న పదింటినీ దాదాపుగా పట్టుకుంటుంది. బాగున్న 9,990లో నూటికి ఒకటి చొప్పున తప్పు చెబితే సుమారు 100 దొంగ హెచ్చరికలు. మొత్తం 110 సార్లు గంట మోగితే నిజమైనది పదకొండింటిలో ఒకటి. వారం తిరగకముందే షిఫ్టు ఇన్‌చార్జి గంట తీగ పీకివేస్తాడు, అతన్ని తప్పుపట్టడానికీ లేదు. ఉన్నత పాఠశాల విద్యార్థి చేయగల ఈ లెక్క అనేక గ్రంథాలలో కనిపించకపోవడం ఆశ్చర్యమే.

హెచ్చరిక వచ్చినా వినేవాడు లేకపోతే ఏమవుతుందో 2023 జూన్ 18న లోకం చూసింది. టైటానిక్ ఓడ శిథిలాలను చూడడానికి దిగిన టైటాన్ అనే చిన్న జలాంతర్గామి నలిగిపోయి అందులోని ఐదుగురూ మరణించారు. దాని పొట్ట మందపాటి కర్బన నార గొట్టం. నారలు తెగే చప్పుడు వినడానికి, గొట్టం సాగుడు కొలవడానికి అందులో పరికరాలు అమర్చి ఉన్నవి. ప్రమాదం ముందే తెలుస్తుందన్నది దానిని కట్టినవారి ధీమా. 2022 జులైలో ఒక ప్రయాణం ముగిసి పైకి తేలేటప్పుడు పెద్ద చప్పుడు వినిపించింది. ఆ తరువాతి ప్రయాణాలలో కొలతల తీరు మారింది. అయినా ఆ కొలతలను సరిగా విశ్లేషించలేదని, పొరలు విడిన పొట్టతోనే మళ్ళీ దింపారని 2025లో వెలువడిన అమెరికా ప్రభుత్వ విచారణలు తేల్చినవి. పరికరం మూగది కాదు, దాని మాటకు అర్థం చెప్పి పని ఆపించగల అధికారం ఎవరికీ లేకపోయింది. గనిలో సర్దారుకు ఆ అధికారం ఉన్నది. డొల్ల శబ్దం విన్నవాడే మనుషులను వెనక్కు పంపుతాడు. అంత ఏర్పాటున్నా పైకప్పు కొన్నిసార్లు మనిషిని ఓడిస్తూనే ఉన్నది. 2022 మార్చిలో రామగుండం ప్రాంతపు అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కప్పు కూలి ప్రాణనష్టం జరిగింది. కనుక మెరుగైన చెవి అవసరం లేదని ఎవ్వరూ అనలేరు.

అందుకే ఈ పరిశోధనలను కొట్టిపారేయడం తప్పు. కొన్ని గ్రంథాలు మంచి దారి పట్టినవి. దెబ్బ నమూనాలు ఎప్పుడూ కొరతే కాబట్టి, ఆరోగ్యంగా ఉన్న నిర్మాణపు తీరునే యంత్రానికి బాగా నేర్పి, దాని నుండి తప్పిన ప్రతిదానినీ అనుమానించమనడం ఒక పద్ధతి. పల్లెలో కొత్త మనిషి వస్తే కుక్క మొరిగినట్లు ఇది. ఎవడు దొంగో దానికి తెలియదు, ఎవడు ఊరివాడో తెలుసు. తరంగ భౌతికశాస్త్ర సూత్రాలను యంత్రపు లెక్కలోనే పొందుపరచడం మరొకటి. అప్పుడు కొద్ది కొలతలతోనే ఎక్కువ నేర్చుకోగలదు. 2007లో వర్డెన్, ఫారర్, వారి సహచరులు ఈ శాస్త్రానికి కొన్ని మూలసూత్రాలు రాస్తూ, ఏ సెన్సరూ దెబ్బను నేరుగా కొలవజాలదని స్పష్టం చేశారు. సెన్సరు కొలిచేది కదలికనే, దెబ్బ అన్నది మనం చేసే ఊహ.

లండన్‌లోని ఇంపీరియల్ కళాశాలకు చెందిన పీటర్ కాలీ 2018లో ఈ రంగాన్ని సమీక్షిస్తూ, పత్రాలు వేలల్లో ఉన్నా పరిశ్రమలో నిలిచి పనిచేస్తున్న ఏర్పాట్లు చాలా కొద్దివని రాశాడు. గది దాటి బయటికి వచ్చి, బొగ్గు దుమ్ములో ఒక వేసవి, ఒక వానాకాలం గడిపి, ఎన్నిసార్లు సరిగా చెప్పిందో దానితోపాటు ఎన్నిసార్లు ఊరికే గంట మోగించిందో పట్టికగా అచ్చువేసిన గ్రంథం దొరికితే, ఉపాధ్యాయులు దానిని తరగతిలో చదివించవచ్చు. రిటర్ చెప్పిన నాలుగో మెట్టు, ఇంకెంత కాలం అన్న ప్రశ్న, ఆ పట్టిక తరువాతి అధ్యాయం.