సైకిలుకు బిళ్ళ, కెమెరాకు బిళ్ళ

తాళాల మీద ఈ శీర్షికకున్న పిచ్చి పాత పాఠకులకు కొత్తేమీ కాదు. గొలుసు తాళం మాటెత్తితే చాలు, మళ్ళీ మొదలెట్టాడయ్యా అనుకుంటారు. ఈసారి ఆ గొడవ తిరగదోడింది మాత్రం మేనల్లుడు. శ్రీ సిటీలో ఫ్యాక్టరీ ఉద్యోగం, తడలో అద్దె గది, కంపెనీకి సెకండ్ హ్యాండ్ సైకిలు, సెలవొస్తే పులికాట్ గట్టున కెమెరా. మొన్న ఫోన్ చేసి, "మామా, సైకిలుకొకటి, కెమెరా సంచిలో ఒకటి ట్యాగు పడేసినా. ఇంక దొంగ యాడికి పోతాడు?" అన్నాడు. తాళం కొన్నావా అనడిగితే పకపకా నవ్వాడు. ఆ నవ్వుకు ఈ కాలమిస్టుకు ఒళ్ళు మండింది.

ఇంతకీ ఆ ట్యాగు చేసే పనేమిటి? అందులో జీపీఎస్ ఉండదు. తానెక్కడుందో దానికే తెలియదు. బటన్ సెల్లు మీద బతుకుతూ బ్లూటూత్‌లో సన్నగా కూతపెడుతుంటుంది. ఆ దారిన పోయే ఎవరి ఫోనో ఆ కూత విని, తానున్న చోటును సర్వర్‌కు చేరవేస్తుంది. ఫోను సొంతదారుకు ఆ సంగతే తెలియదు. ఆపిల్ ఎయిర్‌ట్యాగ్ 2021 ఏప్రిల్‌లో వచ్చింది. ఆండ్రాయిడ్ వాళ్ళకోసం జియోట్యాగ్ గో 2024 డిసెంబర్‌లో 1,499 రూపాయలకు వచ్చింది. ఎయిర్‌ట్యాగ్ చోటును చేరవేసేవి ఆపిల్ పరికరాలే, జియోట్యాగ్ గోదైతే ఆండ్రాయిడ్ ఫోన్లు.

ఫోన్లకు శ్రీ సిటీలో కరువా? 2015లో ఫాక్స్‌కాన్ షావోమీ ఫోన్లను తయారుచేసింది ఇక్కడే. షిఫ్టు మారే వేళ గేటు ముందు బస్సులు బారులు తీరితే, ఒక్క సైకిలు చుట్టూ వంద ఫోన్లుంటాయి. కానీ సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డెక్కండి. అటూ ఇటూ పులికాట్ నీళ్ళు, దూరంగా ఫ్లెమింగోలు, గట్టు మీద ముక్కాలిపీట దించి కళ్ళు చికిలించే ఫొటోగ్రాఫర్లు. కెమెరా పోతే పోయేది అక్కడే. జియోట్యాగ్ గో ఆధారపడే గూగుల్ నెట్‌వర్క్ మామూలు సెట్టింగులో ఒక్క ఫోను వింటే నమ్మదు, ఒకటికి మించి ఫోన్లు విన్నాకే చోటు చూపిస్తుంది. ఒంటరి జాలరి జేబులోని ఫోను సాక్ష్యం చెల్లదన్నమాట.

దానికి తోడు, ఈ ట్యాగు దొంగకు కూడా కబురు పెడుతుంది. ఆడవాళ్ళ సంచుల్లో, కార్లలో ట్యాగులు దాచి వెంటాడే దుర్మార్గులు బయల్దేరాక కంపెనీలకు వేరే దారి లేకపోయింది. సొంతదారుకు దూరంగా కదులుతున్న ఎయిర్‌ట్యాగ్ మొదట్లో మూడు రోజులకు మోగేది. 2021 జూన్‌లో దాన్ని 8 నుంచి 24 గంటల మధ్యకు కుదించారు. 2024 మేలో ఆపిల్, గూగుల్ ఒక్కటై, ఏ కంపెనీ ఫోనైనా సరే "తెలియని ట్యాగు మీ వెంట వస్తోంది" అని హెచ్చరించే ఏర్పాటు చేశాయి. మంచి పనే, ఎవరూ కాదనరు. కానీ సైకిలెత్తుకుపోయినవాడికీ అదే హెచ్చరిక అందుతుంది. పోగొట్టుకున్న వస్తువుల కోసమని తయారీదారు చెబితే, మనం దాన్ని దొంగల కోసమని చదువుకున్నాం.

ఇక్కడికి వచ్చేసరికి ఈ కాలమిస్టుకు పంచాయతీ బిళ్ళ గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? సైకిలుకు పన్ను కట్టే రోజులు. కడితే రేకు బిళ్ళ ఇచ్చేవారు, మీద నంబరు అచ్చొత్తి ఉండేది. దాన్ని హ్యాండిల్ కింద తీగతో బిగించాలి. బిళ్ళ లేనివాళ్ళు బజారు మలుపులో వసూలు గుమాస్తా కనబడగానే సైకిలు దిగి, ఎవరిదో సైకిలు నడిపించుకు పోతున్నట్టు సందులోకి తిరిగేవాళ్ళు. చీకటి పడ్డాక లైటు లేకుండా తొక్కితే పోలీసు, డబుల్స్ తొక్కినా పోలీసే. ఇప్పటివాళ్ళకు చెబితే నమ్మరు.

బిళ్ళతోపాటు పేరు కూడా ఉండేది. చైన్ కవరు మీద పెయింటరు పసుపు రంగుతో ఇంటి పేరు, ఊరి పేరు రాసి, కింద సన్నటి తీగ గీసేవాడు. ఆ తీగ వంపు చూసి ఏ పెయింటరో చెప్పేవాళ్ళుండేవారు. అద్దె సైకిళ్ళ షాపువాడి పద్ధతి వేరు. మడ్‌గార్డు మీద లావుపాటి అంకె, నోటుబుక్కులో పేరు, తీసుకున్న టైము. అరగంటకని తీసుకుని చెరువుకట్ట దాటిన పిల్లవాడి కబురు, పిల్లవాడికంటే ముందే షాపుకు చేరేది. సోడా బండివాడు చెప్పేవాడు, లేదా గడ్డిమోపు దించుకుంటున్న ముసలమ్మ చెప్పేది. సినిమా హాలు స్టాండులో హ్యాండిల్‌కొక చీటీ, చేతికొక చీటీ. చేతి చీటీ పారేసుకున్నవాడు ఆట వదిలాక, అన్ని సైకిళ్ళూ పోయేదాకా నిలబడి, మిగిలినదాన్ని తనదనిపించుకోవాలి.

అంత కట్టుదిట్టమైన కాలంలో దొంగతనాలే లేవని రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ, అబద్ధం. బిళ్ళ ఉన్న సైకిళ్ళే పోయేవి. తీగ తెంపితే బిళ్ళ రాలుతుంది, రంగు కొడితే పేరు పోతుంది. ఆ బిళ్ళ ఏ దొంగనూ ఆపలేదు. అది చేసిందల్లా ఒకటే. స్టేషన్ వెనక తుప్పు పడుతున్న సైకిళ్ళ గుంపులో ఫలానాది ఎవరిదన్న పేచీ వస్తే, రిజిస్టరులో ఒక నంబరు, దాని ఎదురుగా ఒక పేరు దొరికేవి.

ఆ మాట రాసి, మళ్ళీ ట్యాగు దగ్గరకొస్తే సంగతి కాస్త వేరుగా కనబడుతోంది. ఎన్ఎఫ్‌సీ ఉన్న ఏ ఫోనునైనా ఎయిర్‌ట్యాగ్ తెల్లటి ముఖానికి ఆనిస్తే ఒక పేజీ తెరుచుకుంటుంది. అందులో ట్యాగు సీరియల్ నంబరు, నమోదు చేసుకున్నవారి ఫోను నంబరులో చివరి నాలుగంకెలు ఉంటాయి. అచ్చంగా పంచాయతీ బిళ్ళే! పోయిందని యాప్‌లో గుర్తుపెడితే సొంతదారు ఇచ్చిన ఫోను నంబరు, సందేశం కూడా కనిపిస్తాయి. అలిపిరిలో టీటీడీకి అప్పగించి, మెట్లదారిన 3,550 మెట్లెక్కినవాళ్ళ సంచి కొండ మీద తారుమారైనా, దొరికినవారు దాన్ని తిరిగివ్వాలంటే ఇంతకంటే ఏం కావాలి? దొంగకు తెలిసిపోతుందని పైన తిట్టిన ఆ గుణమే దాని అసలు ఉపయోగమని ఇప్పుడు ఒప్పుకోవాల్సి వస్తోంది.

కాబట్టి ఎక్కడ దాచాలన్న చర్చకు మరీ అంత విలువ లేదు. ఇనుప గొట్టంలో పెడితే కూత బయటికి రాదు. సీటు కిందో, సీసా బిగించే పట్టీ కిందో పెడితే వినిపిస్తుంది. నెదర్లాండ్స్‌కు చెందిన వాన్‌మూఫ్ 2021లో తన ఎలక్ట్రిక్ సైకిళ్ళలోనే ఆపిల్ వెతుకులాట నెట్‌వర్క్ ఫైండ్ మైని కలిపేసింది, 2023లో దివాలా తీసిందనుకోండి. కెమెరాకు ఆ సదుపాయం లేదు. ట్యాగు సంచిలో ఉంటుంది, దొంగ సంచిని పారేసి కెమెరాతో పోతాడు.

చుక్క మ్యాపు మీద కనబడిందని సొంతంగా బయల్దేరడం మాత్రం వద్దు. లైన్ ఇళ్ళ వరుసలో ఆ చుక్క ఏ తలుపుదో చెప్పదు. పోలీసులను పంపుదామంటే ఇంకో మెలిక ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టాల ప్రకారం 5,000 రూపాయలలోపు సొత్తు దొంగతనం నాన్ కాగ్నిజబుల్ నేరం. మేజిస్ట్రేటు అనుమతి లేకుండా స్టేషన్ దర్యాప్తు మొదలుపెట్టకూడదు. సెకండ్ హ్యాండ్ సైకిళ్ళు చాలావరకు ఆ గీతకు ఇవతలే ఆగుతాయి. విలువ ఎంతో చూపడానికి బిల్లు కావాలి, ఏ సైకిలో చూపడానికి ఫ్రేమ్ నంబరు కావాలి. అది చాలా సైకిళ్ళకు పెడల్ ఇరుసు కింద, గ్రీజూ మట్టీ పేరుకుపోయిన చోట ఉంటుంది. సైకిలు తలకిందులు చేసి, పాత బ్రష్షుతో రుద్దితే అంకెలు తేలతాయి.

కెమెరాకైతే నంబరు అడుగుభాగాన ఉంటుంది. చాలా కెమెరాలు తీసిన ప్రతి ఫొటో ఫైలులోనూ దాన్ని రాసిపెడతాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో ఆ వివరాలు చెరిగిపోతాయి. మేనల్లుడు తాను తీసిన నేలపట్టు గూడబాతుల ఫొటోల్లో ఒక్కదాని అసలు ఫైలైనా, బిల్లు ఫొటోతో కలిపి తన ఈమెయిల్‌కు తానే పంపుకుంటే, ఫిర్యాదు రాసే రోజున వెతుక్కోనక్కర్లేదు.