గట్టిమేళం ఎప్పుడు మోగాలి?

అంతర్వేదిలో మాఘ శుద్ధ దశమి రాత్రి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం చూచినవారికి ఒక సంగతి అనుభవంలో ఉంటుంది. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే ఆ ఇసుకనేల మీద జనం కిక్కిరిసి ఉంటారు. సన్నాయి రాగం తీస్తూ ఉంటుంది. డోలు మెల్లగా దాని వెంట నడుస్తూ ఉంటుంది. పురోహితుడు సైగ చేసేవరకూ డోలు వాయించేవాడు తన బలమంతా దాచుకొని కూర్చుంటాడు. మాంగల్యధారణ క్షణాన గట్టిమేళం మోగుతుంది. ఆ మోత గుండెకు తగలడానికి కారణం దాని జోరు ఒక్కటే కాదు. అంతవరకూ పాటించిన నిగ్రహం.

ఆ నరసింహుని కథనే కార్టూను చిత్రంగా తీసిన ‘మహావతార్ నరసింహ’ 2025 జూలైలో హిందీ, తెలుగు తదితర భాషలలో విడుదలయింది. దర్శకుడు అశ్విన్ కుమార్. సంగీతం శామ్ సి.ఎస్. జనం విరగబడి చూశారు. జనం ఆదరించినంత మాత్రాన విమర్శకుడు నోరు మూసుకోనక్కరలేదు. ఆదరించారు గదా అని ఈసడించనూ కూడదు. ఆ చిత్రపు నేపథ్య సంగీతం ఏం చేసింది, ఏం చేయలేకపోయింది అన్నదే ఇక్కడి ప్రశ్న.

నటులతో తీసిన చిత్రంలో మనిషి ఊపిరి ఉంటుంది. గీసిన బొమ్మకు ఊపిరి లేదు. అడుగుల చప్పుడుతో సహా ప్రతి ధ్వనినీ ఎవరో తెచ్చి పెట్టవలసిందే. కనుక కార్టూను చిత్రంలో నిశ్శబ్దం కూడా ఎవరో ఒకరు కోరి పెట్టేదే అవుతుంది. ఈ చిత్రంలో బొమ్మల ముఖాలు చాలాచోట్ల బిగుసుకుపోయి ఉన్నాయి. ఆ ముఖాలు పలికించలేని భావాన్ని వాద్యబృందం, బృందగానం తమ భుజాల మీద వేసుకొన్నాయి. వరాహఘట్టంలో ఆ విస్తారమైన నాదం కథకు తగిన వైశాల్యాన్ని ఇచ్చింది. ప్రహ్లాదుని భక్తిఘట్టాలలో స్వరం మెత్తబడిందన్నదీ నిజమే. ఇంతవరకూ సంగీతకర్తకు మనం ఋణపడి ఉన్నాం.

కాని మొత్తం మీద ఈ సంగీతం మనలను నమ్మదు. భయపడవలసిన చోట భయపడమనీ, చేతులు జోడించవలసిన చోట జోడించమనీ ముందుగానే ఆజ్ఞాపిస్తుంది. అసురుడు వస్తే హోరు. యుద్ధం వస్తే హోరు. దేవుడు వచ్చినా హోరే. స్తంభం పగిలేసరికి చెవి అలసిపోయి ఉంటుంది. మొదటినుంచీ మోగేది గట్టిమేళం ఎట్లా అవుతుంది?

ఇది ఒక్క సంగీతకర్త లోపమని తోసివేయడం న్యాయం కాదు. ఇటువంటి చిత్రం ఒకేసారి అనేక భాషల విపణికి తయారవుతుంది. మాటలు తెలుగులోకి మారతాయి, పాటలు మారతాయి. నేపథ్య సంగీతం మాత్రం మారదు. అన్ని ఊళ్ళకూ ఒకే ధ్వని పంపవలసి వచ్చినప్పుడు అందరికీ తేలికగా అర్థమయ్యే భాష బిగ్గరతనమే. ఏ ఊరి సన్నాయి నుడికారమూ అందులో ఇమడదు.

పాతదంతా బంగారమని నా వాదం కాదు. అయితే 1967లో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’ను తలచుకోకుండా ఉండలేము. సాలూరి రాజేశ్వరరావు సంగీతం. నారదుడుగా నటించి తన పాటలు తానే పాడినవాడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. ఆయన పుట్టిన శంకరగుప్తం ఈ రాజోలు ప్రాంతంలోనిదే. ఆ చిత్రంలో భారమంతా మనిషి గొంతు మీద ఉంది. వాద్యాలు ఆ గొంతుకు దారి ఇచ్చాయి. పెద్ద వాద్యబృందమే తప్పనుకోవడమూ పొరపాటే. 1940 నాటి డిస్నీ చిత్రం ‘ఫాంటాసియా’లో ముస్సోర్గ్‌స్కీ సంగీతానికి దయ్యాలు ఆడే ఘట్టం ఉంది. కొండంత హోరును చివరికి అణచేది మరో హోరు కాదు, తెల్లవారుజామున మోగిన గుడి గంట.

ఈ తేడా కేవలం శిల్పానికి సంబంధించినది కాదు. కథలోని వస్తువుకే సంబంధించినది. పోతన భాగవతం సప్తమస్కంధంలో గర్జించేది రాజు. కుర్రవాడు గర్జించడు, బడిపిల్లలకు సైతం కంఠతా వచ్చే ఒక చిన్న కందపద్యంలో, శాంతంగా, తండ్రి మాట ఒప్పుకోనంటాడు. అధికారం ముందు ఆ చిన్న గొంతు తొణకకపోవడమే ఈ కథకు ప్రాణం. స్తంభం పగలడం ఆ నిరాకరణకు వచ్చిన ఫలితం. దేవునికీ రాక్షసునికీ ఒకే హోరు పంచిపెడితే, బలాన్ని అంతకంటె పెద్ద బలం ఓడించిందని మాత్రమే ప్రేక్షకుడు తెలుసుకొంటాడు. బలాన్ని ఎదిరించిన పసివాని ధైర్యం ఆ మోతలో మునిగిపోతుంది. బలాన్ని కొలవడమే నేర్పే సంగీతం మనిషిని మరికొంచెం లొంగదీస్తుంది.

ఇటువంటి చిత్రాలు ఇంకా వస్తాయి; రావాలి కూడా. వాటికి సంగీతం కూర్చేవారు ఒక్క మాఘమాసపు రాత్రి అంతర్వేది వచ్చి డోలు పక్కన కూర్చోవాలని నా కోరిక. ఆ వాద్యాన్ని ఎత్తుకుపొమ్మని కాదు. సైగ వచ్చేదాకా ఆ చేయి ఎట్లా ఆగి ఉంటుందో చూడమని.