విషయము, విశయము: పటాన్‌చెరు గ్రామపరిశోధనలు

మీమాంసకులు అధికరణమునకు అయిదంగములు చెప్పుదురు. వానిలో మొదటిది విషయము, రెండవది విశయము. ఒక్క యక్షరమే భేదమైనను రెంటికిని మిక్కిలి దూరము గలదు. విషయమనఁగా విచారింపఁదగిన వస్తువు. విశయమనఁగా నా వస్తువునందుఁ గలిగిన సంశయము. పూర్వపక్షమును సిద్ధాంతమును సంశయమునుండి పుట్టునే కాని వస్తువునుండి పుట్టవు. పండితుల కిది క్రొత్తమాట గాదు. అయినను సాంఘికశాస్త్రములందు నేఁడు వెలువడుచున్న పరిశోధనవ్యాసములలోఁ బెక్కింటి ప్రథమప్రకరణమును జూచినచో నీ భేదము మఱవఁబడినట్లే తోఁచును.

సంగారెడ్డి, పటాన్‌చెరువుల పరిశ్రమప్రాంతము నుదాహరణముగాఁ గొనవచ్చును. "పటాన్‌చెరు పరిశ్రమలు, గ్రామజీవనముపై వాని ప్రభావము" అని మకుటము పెట్టుట సులభము. అది విషయమును మాత్రమే తెలుపును. ఎవరి జీవనము? దేనితోఁ బోల్చి చూచిన ప్రభావము? ఏ యంశమున సందేహము? ఇవి తెలియవు. ఉద్దేశములని క్రింద వ్రాయు పట్టికలోఁ "గ్రామస్థుల యిడుములఁ దొలఁగించుట" యనునదియుఁ జేరుట కలదు. అది ప్రయోజనము గాని పరిశోధనోద్దేశము గాదు. అనుబంధచతుష్టయము నెఱిఁగినవారు విషయమును బ్రయోజనమును గలిపివేయరు. వైద్యుఁడు నిదానము చేయుట వేఱు, రోగి మంచమునుండి లేచుట వేఱు.

సంశయమును జక్కఁగా నిలిపిన పరిశోధన యొకటి యీ పటాన్‌చెరువునుండియే వెలువడినది. 1972లో నిచటఁ బుట్టిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనసంస్థ, జనులు ఇక్రిసాట్ అని పిలుచునది, 1975లో గ్రామస్థాయి పరిశీలనల నారంభించెను. నాఁటి మహబూబునగరు జిల్లాలో ఔరేపల్లి, దోకూరు. షోలాపురము జిల్లాలో షిరాపూరు, కల్మాన్. అకోలా జిల్లాలో కాన్‌జరా, కిన్‌ఖేడా అను నాఱు గ్రామము లేర్పఱుపఁబడెను. గ్రామమునకు 40 కుటుంబములు. అందు 30 సన్న, మధ్య, పెద్ద రైతులవి, 10 కూలివారివి. పరిశీలకులు గ్రామముననే నివసించి, కొన్నివారముల కొకమాఱు ప్రతి యింటికిని బోయి, ఆదాయవ్యయములను, పనిదినములను వ్రాసికొనుచుండిరి. భూమిలేనివారికి మొదటనే పదిస్థానములు కేటాయించుట గమనింపఁదగినది. ఆ పది లేకున్నచో నాఱు గ్రామముల చరిత్ర రైతుల చరిత్రగానే మిగిలియుండెడిది.

ఆ కాలమునఁ బ్రబలియున్న పూర్వపక్ష మిది: క్రొత్తవిత్తనమును, ఎరువును బేదరైతు గ్రహింపకుండుటకు వాని భయస్వభావమే కారణము, కలవాఁడు సాహసి, లేనివాఁడు పిఱికి. హాన్స్ బిన్‌స్వాంగర్ అను నార్థికశాస్త్రజ్ఞుఁ డీ మాటను సంశయముగా మార్చెను. పేదవానికి నిజముగా భయ మధికమా? లేక భయ మందఱికి సమమై, అప్పును ఎరువును దొరకుటలో భేదము గలదా? ఆఱు గ్రామములలోని 240 కుటుంబములయందు నాతఁడు రెండువిధములఁ బరీక్షించి, 1980లో ఫలితములఁ బ్రకటించెను. మొదటిది ప్రశ్నించుట. రెండవది నాణెము నెగురవైచు క్రీడ. ఒక పక్షమును గోరినచో బొమ్మ పడినను బొరుసు పడినను 50 రూపాయలు. మిక్కిలి సాహసమైన పక్షమును గోరినచో 200 రూపాయలో, శూన్యమో. సొమ్ము నిజముగాఁ జేతికిచ్చిరి. గరిష్ఠమైన మొత్తము కూలివాని నెలసంపాదనను మించెను. మొత్తము పెరిఁగినకొలఁది యించుమించు నందఱును మితముగా భయపడువారే యని తేలెను. ధనము వలన భయము కొంచెము తగ్గినను, గణితశాస్త్రరీత్యా లెక్కకుఁ దగినంత గాదు. అంతకంటె వింత యేమనఁగా, ప్రశ్నలకు వచ్చిన జవాబులకును క్రీడలోఁ గనుపించిన నడవడికిని బొత్తిగాఁ బొంతన లేకుండెను; జవాబు లడిగినవానినిబట్టి మాఱెను. ప్రశ్నావళిని వేదవాక్యముగా నెంచు పరిశోధకు లీ యొక్క ఫలితమునైనను జదువఁదగును.

లోపము లేదనరాదు. క్రీడలో నోడినవాఁడు వట్టిచేతులఁ బోవునే కాని తన సొంతసొమ్మును బోఁగొట్టుకొనఁడు. వానలు లేనియేఁట రైతు విత్తనము, దున్నకపుఁగూలి, అప్పు మూఁటిని బోఁగొట్టుకొనును. ఈ నష్టభయము నాణెముతోఁ గొలువఁబడలేదు. కాని యీ యాక్షేపణ చేయఁగలుగుటకుఁ గారణము సంశయము స్పష్టముగా నుండుటయే. అస్పష్టమైన గ్రంథమును ఖండించుట కూడ సాధ్యము గాదు.

ఇఁక సంస్థప్రాకారమునకు వెలుపలి సంగతి. 1970ల నుండి పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారములలోఁ బరిశ్రమలు పెరిఁగినవి. వాని మురుగు నక్కవాగునఁ బడి మంజీరఁ జేరుచుండెను. 1990లో సర్వోన్నతన్యాయస్థానమున వ్యాజ్యము దాఖలయ్యెను. పొలములు చెడిన రైతులకుఁ బరిహారము యకరముల లెక్కను గట్టఁబడెను. నష్టమనఁగాఁ బంటనష్టమని నిర్వచించినప్పుడే, యకరములేని బెస్తవాఁడును, వాగుఱేవు పోయిన చాకలియు, పంటలు లేక పనిపోయిన కూలియు లెక్కనుండి జారిపోయిరి. వారిని ద్రోసివేయవలెనని యెవరును దలఁపలేదు; కొలమానమే త్రోసివేసినది.

2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు, సుమారు 90 మందులకర్మాగారముల మురుగును శుద్ధిచేయు పటాన్‌చెరు కేంద్రమునుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను నౌషధము లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకుఁ గలదని ప్రకటించిరి. నీటిని గూర్చిన సంశయ మట్లు తీఱినది. మనుష్యులను గూర్చినది తీఱలేదు.

ఇచటఁ గుటుంబమును గొలమానముగాఁ గొనుట చిక్కు దెచ్చును. మెట్టగ్రామములలో నది తగినదే. కాని నక్కవాగు దరిని తండ్రి బావి చెడును, కొడుకు ఫ్యాక్టరీలో జీతము తెచ్చును. కుటుంబపు లెక్కలో జీతమును నష్టమును గలిసి నికరలాభముగాఁ గనఁబడును. ఆ యింట నీళ్లు మోయు స్త్రీ పడిన పాటు ఏ గడిలోను నుండదు. మఱియు 2025 జూన్ 30న పాశమైలారములో నొక మందులపరిశ్రమలో జరిగిన ప్రేలుడున 40 మందికిఁ బైగా మృతులైరి. వారిలోఁ బెక్కండ్రు పరరాష్ట్రములనుండి వచ్చిన కూలివారు. గ్రామపు టిండ్లజాబితానుండి మాదిరి నెన్నుకొను పరిశోధన యట్టివారిని ఎన్నఁడును గలిసికొనదు.

కావున నీ ప్రాంతమున మొదటి సంశయము, "ప్రభావ మెంత?" యనునది గాక, "ఒకే యింటిలో జీతము నందుకొనువారును నష్టము ననుభవించువారును వేఱైనప్పుడు, నీటిని గూర్చిన నిర్ణయము లెవరి మాటపై జరుగును?" అని యుండవచ్చును. అట్లయినచో నుద్దేశములు రెండుమూఁటికి దిగును: యింటిలో నీటివ్యయము నెవరు భరించుచున్నారో దినదినము వ్రాయుట, భూమి గలవారిని లేనివారిని వేఱుగా నెన్నుకొనుట, ఇండ్లజాబితాతోపాటు అద్దెగదుల జాబితాను గూడఁ దయారుచేయుట. ఈ మూఁడవపని చేయువాఁడు పాశమైలారమునఁ దలుపులు తట్టవలసినది రాత్రిషిఫ్టు దిగిన తరువాతనే.