లెక్క తెరిచి చూపే విద్య

కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో నేల మీద అరటి, చీనీ తోటలు. నేల కింద యురేనియం గని. యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఇక్కడ తవ్వే ఖనిజం వేంపల్లె డోలమైట్ రాతి పొరల్లో ఉంటుంది. రాయి సున్నపు జాతిది కావడంతో ఆమ్లంతో కరిగించబోతే ఆమ్లాన్ని రాయే తాగేస్తుంది. అందుకే దేశంలో తొలిసారిగా క్షార ద్రావణంతో, ఒత్తిడి కింద యురేనియం రాబట్టే మిల్లును ఇక్కడ కట్టారు. ఈ గని గురించి, మిల్లు వ్యర్థాలు చేరే చెరువు గురించి చుట్టుపక్కల పల్లెల్లో ఎన్నో మాటలు నడుస్తుంటాయి. వాటి అడుగున ఉన్న ప్రశ్నలు రెండే. గాలి ఎటు పోతోంది? నీరు ఎటు పోతోంది?

ముందు గాలి సంగతి. యురేనియం క్షీణించే వరసలో రేడియం, రేడియం నుంచి రేడాన్ పుడతాయి. రేడాన్ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రాతి పగుళ్లలోంచి గనిలోకి ఊరుతూనే ఉంటుంది. దాని అర్ధాయువు 3.8 రోజులు కాబట్టి పీల్చిన రేడాన్‌లో చాలా భాగం మళ్లీ ఊపిరితోనే బయటికి పోతుంది. అసలు ముప్పు దాని నుంచి పుట్టే పొలోనియం-218 వంటి వాటితో. అవి ధూళిని అంటుకుని ఊపిరితిత్తుల్లో దిగబడతాయి, నిమిషాల్లోనే ఆల్ఫా కణాలు వదులుతాయి. పలు దేశాల యురేనియం గని కార్మికుల్లో ఊపిరితిత్తుల కేన్సర్ ఎక్కువగా రావడానికి ఇదే కారణమని తేలింది. కాబట్టి గనిలోకి ఎంత గాలి పంపామన్నది ఒక్కటే చాలదు. ఆ గాలి ప్రతి మూలకూ చేరిందా, ఎక్కడైనా నిలిచిపోయిందా అన్నదీ తెలియాలి.

గని వెంటిలేషన్ చూసే ఇంజనీర్లు సొరంగాలన్నిటినీ గీతల వలగా గీసి, ఏ గీత వెంట ఎంత గాలి పోతుందో లెక్కగడతారు. కిలోమీటర్ల పొడవున్న గని మొత్తానికి అది సరైన పద్ధతే. కాని సొరంగం కొసన, గాలి గొట్టం మూతికీ తవ్వుతున్న రాతికీ మధ్య ఏం జరుగుతుందో ఆ గీత చెప్పదు. గాలి సుడి తిరిగి వెనక్కి మళ్లిందా, మూలను తాకకుండానే వెళ్లిపోయిందా తెలియాలంటే ప్రవాహాన్ని అడుగడుగునా లెక్కించాలి. ఆ పని చేసేది కంప్యుటేషనల్ ఫ్లూయిడ్ డైనమిక్స్, పొట్టిగా సీఎఫ్‌డీ. దేశదేశాల విద్యార్థులూ ఇంజనీర్లూ కలిసి ఈ విద్యను పెంచి, సోర్స్ కోడ్‌తో సహా అందరి చేతిలో పెట్టిన సంప్రదాయం ఒకటుంది. దాని పనితనం ఎలాంటిదో, తుమ్మలపల్లె లాంటి చోట్లకు అది ఎందుకు అవసరమో చెప్పాలని ఈ ప్రయత్నం.

మడుల లెక్క

ద్రవాలూ వాయువులూ కదిలే తీరుకు నావియే 1822లో, స్టోక్స్ 1845లో సమీకరణాలు రాసిపెట్టారు. చాలా సులువైన సందర్భాల్లో తప్ప వాటిని కాగితం మీద సాధించలేం. అందుకే సీఎఫ్‌డీ స్థలాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొడుతుంది. చేనికి నీళ్లు కట్టే రైతుకు ఈ పద్ధతి కొత్త కాదు. మడులు చేసుకున్నాక, ఈ మడి గట్టు తెగి ఎంత నీరు పోతే పక్క మడిలో అంత నీరూ చేరాలని అతనికి తెలుసు. గళ్ల లెక్కలోనూ అదే సూత్రం. ఒక గడి ముఖం దాటిపోయిన ద్రవ్యరాశి, ద్రవ్యవేగం పక్క గడిలో జమ కావాలి. దారిలో ఏదీ మాయం కాకూడదు. దీన్నే ఫైనైట్ వాల్యూమ్ పద్ధతి అంటారు. లక్షల గళ్లకు ఈ లెక్క రాసి, అన్నీ సరితూగేదాకా కంప్యూటరు మళ్లీ మళ్లీ దిద్దుకుంటూ పోతుంది.

చిక్కంతా ఒత్తిడి దగ్గర వస్తుంది. నిదానంగా పారే గాలికీ నీటికీ వేగాన్ని చెప్పే సమీకరణం ఉంది గాని ఒత్తిడికి విడిగా సమీకరణం లేదు. ముందు ఒత్తిడిని ఊహించుకుని, దాంతో వేగం కనిపెట్టి, గళ్లలో ద్రవ్యరాశి తేడా వస్తే ఆ తేడాను బట్టే ఒత్తిడిని దిద్దే ఉపాయాన్ని 1972లో సుహాస్ పటాంకర్, బ్రయన్ స్పాల్డింగ్ ప్రచురించారు. పుణె, బొంబాయిల్లో చదివిన పటాంకర్ లండన్ ఇంపీరియల్ కాలేజీలో స్పాల్డింగ్ దగ్గర పరిశోధన చేశాడు. 'సింపుల్' అని పేరు పడిన ఆ పద్ధతి, దాని సంతతి లేకుండా ఇవాళ చాలా సీఎఫ్‌డీ ప్రోగ్రాములు నడవవు.

అదే ఇంపీరియల్ కాలేజీలో 1980ల చివర హెన్రీ వెల్లర్ 'ఫోమ్' అనే ప్రోగ్రాం మొదలుపెట్టాడు. హర్వోయె యాసాక్ వంటివాళ్లు తోడయ్యారు. ఇంజనీరింగ్ లెక్కలన్నీ ఫోర్ట్రాన్‌లో రాసే రోజుల్లో వాళ్లు సీ ప్లస్ ప్లస్‌ను ఎంచుకున్నారు. కొన్నేళ్లు డబ్బుకు అమ్మారు కూడా. 2004 డిసెంబరులో 'ఓపెన్‌ఫోమ్' పేరుతో, గ్నూ జీపీఎల్ లైసెన్సు కింద, కోడ్‌తో సహా విడుదల చేశారు. ఎవరైనా వాడుకోవచ్చు, లోపలికి వెళ్లి చదవొచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. మార్చినదాన్ని మరొకరికి ఇచ్చేటప్పుడు మాత్రం కోడ్‌తో సహా, అవే హక్కులతో ఇవ్వాలి. తర్వాత ఫ్రాన్స్ విద్యుత్ సంస్థ ఈడీఎఫ్ 2007లో 'కోడ్ సాటర్న్'ను, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2012లో 'ఎస్‌యూ2'ను ఇదే బాటలో బయటపెట్టాయి.

కేసు విప్పి చూస్తే

ఓపెన్‌ఫోమ్‌లో ప్రతి సమస్యనూ కేసు అంటారు. కేసు అంటే ఒక ఫోల్డరు, దాని లోపల మూడు ఫోల్డర్లు. 'సున్నా' అనే పేరున్న దాంట్లో ఆరంభ స్థితి, హద్దుల దగ్గరి నియమాలు ఉంటాయి: గొట్టం మూతి దగ్గర గాలి వేగం ఎంత, గోడ దగ్గర ఎంత. 'కాన్‌స్టెంట్'లో గళ్ల వల, గాలి స్నిగ్ధత వంటివి. 'సిస్టమ్'లో ఎంత కాలం లెక్కించాలి, ఏ పద్ధతిలో లెక్కించాలి అన్నవి. అన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లే. నోట్‌ప్యాడ్ తెరవడం వచ్చిన వాళ్లెవరైనా తెరిచి చదువుకోవచ్చు.

ఇందులోకి రేడాన్‌ను తేవడం ఎలాగో చూద్దాం. గాలి మోసుకుపోయే పదార్థాన్ని లెక్కించేందుకు 'స్కేలార్ ట్రాన్స్‌పోర్ట్ ఫోమ్' అనే సాల్వర్, అంటే సమీకరణాన్ని సాధించే ప్రోగ్రాం, ఓపెన్‌ఫోమ్‌తోనే వస్తుంది. దాని అసలు సమీకరణం కోడ్‌లో నాలుగైదు వరసలు దాటదు. కాలంతో వచ్చే మార్పుకు 'డీడీటీ', ప్రవాహం మోసేదానికి 'డివ్', తనంతట తాను వ్యాపించేదానికి 'లాప్లాసియన్'. పుస్తకంలో సమీకరణం ఎలా ఉంటుందో కోడ్‌లోనూ దాదాపు అలాగే కనబడుతుంది. వెల్లర్ బృందం పట్టుబట్టి సాధించిన గుణం ఇది. రేడాన్ సెకనుకు పది లక్షల అణువుల్లో రెండు చొప్పున క్షీణిస్తుంది. ఆ సంగతి చెప్పడానికి సమీకరణంలో ఒక్క పదం చేర్చి, సాల్వర్‌ను మళ్లీ కంపైల్ చేస్తే సరిపోతుంది. గోడల నుంచి ఎంత ఊరుతుందో హద్దు నియమంగా రాస్తే రేడాన్ లెక్క సిద్ధం. పొలోనియానికి మరో సమీకరణం చేర్చుకోవచ్చు. ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు.

ఈ విద్యలో అసలు మెలకువ 'సిస్టమ్' ఫోల్డరులోని ఒక చిన్న ఫైలులో ఉంది. పేరు 'ఎఫ్‌వీ స్కీమ్స్'. ఒక గడి నుంచి పక్క గడికి పోయే పదార్థాన్ని ఎలా అంచనా వేయాలో అందులో ఒక్క మాటతో చెబుతాం. 'అప్‌విండ్' అని రాస్తే లెక్క ఎక్కడా తొట్రుపడకుండా నడుస్తుంది, కాని గాఢతను చుట్టూ పులిమేస్తుంది. చిన్న ప్రాంతంలో పోగుపడిన రేడాన్ అసలుకంటే పలచగా కనబడుతుంది. ఇంకా ఖచ్చితమైన పద్ధతి రాస్తే ఆ గాఢత శిఖరం నిలుస్తుంది, లెక్క మాత్రం మొండికేయవచ్చు. రెండు ఫలితాలూ రంగుల బొమ్మలో ఒకే అందంతో కనిపిస్తాయి. నివేదికలో బొమ్మ ఒక్కటే ఇచ్చి కేసు దాచిపెడితే, ఆ ఒక్క మాట ఏమిటో చదివేవాడికి ఎన్నటికీ తెలియదు. కేసు చేతికిస్తే మాట మార్చి మళ్లీ నడిపి చూస్తాడు. కార్మికుడు పీల్చే గాలి గురించి చేసే లెక్కకు ఈ పాటి పరీక్ష ఉండి తీరాలి. ఖరీదు లేకపోవడం ఓపెన్ సోర్స్‌కు చిన్న మేలు. ఇంకొకరు సరిచూడగలగడం పెద్ద మేలు.

పదిమంది చూసే పని

సరిచూసే ఈ అలవాటును సమాజంగా పెంచుకోవడమే ఈ సంప్రదాయం గొప్ప. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ మొదట చేసేది 'కేవిటీ' కేసు: నలుచదరపు పెట్టె, పైమూత ఒక పక్కకు జరుగుతూ ఉంటుంది, లోపల ద్రవం సుడి తిరుగుతుంది. దీనికి ఊర్మిళా ఘియా, కీర్తి ఘియా, షిన్ 1982లో పట్టికలతో సహా సంఖ్యలు ప్రచురించారు. నలభై ఏళ్లు దాటినా కొత్త సాల్వర్ రాసినవాళ్లు మొట్టమొదట ఆ పట్టికల పక్కనే తమ గీతను గీసి చూపిస్తారు. తర్వాత గళ్లను రెండింతలు, నాలుగింతలు సన్నం చేసి జవాబు మారడం ఆగిందో లేదో చూస్తారు. జవాబు ఇంకా మారుతోందంటే అది గళ్లు ఇచ్చిన జవాబే, గాలి ఇచ్చింది కాదు. ఈ రెండు పరీక్షలూ దాటని బొమ్మకు ఆ సమాజంలో విలువ లేదు.

2006లో జాగ్రెబ్‌లో మొదలైన ఓపెన్‌ఫోమ్ వర్క్‌షాపు నేటికీ నడుస్తోంది. స్వీడన్‌లోని చామర్స్ విశ్వవిద్యాలయంలో హోకన్ నిల్సన్ నడిపే కోర్సులో విద్యార్థులు రాసిన కోడ్, నివేదిక అందరికీ అందుబాటులో ఉంచుతారు. ముందుగా తోటి విద్యార్థులే వాటిని సమీక్షిస్తారు. మన దేశంలో ఐఐటీ బొంబాయి ఫాసీ ప్రాజెక్టు ఇదే పనిని చేపట్టింది. ప్రచురితమైన ఏదో ఒక ప్రవాహ సమస్యను విద్యార్థి ఓపెన్‌ఫోమ్‌లో తిరిగి సాధించి పంపితే, సమీక్షించి, కేసు ఫైళ్లతో సహా బయటపెడతారు, పారితోషికమూ ఇస్తారు. అదే ఐఐటీలో పుట్టిన స్పోకెన్ ట్యుటోరియల్ ఓపెన్ సోర్స్ పాఠాలను తెలుగుతో సహా భారతీయ భాషల్లోకి తెస్తోంది. గ్నూ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చిన హైదరాబాదు 'స్వేచ్ఛ' కార్యకర్తలు ఇందుకు ముందే దారి వేశారు.

ఈ లోకంలో తగవులూ ఉన్నాయి. ఓపెన్‌ఫోమ్ ఇవాళ మూడు పాయలుగా నడుస్తోంది: ఓపెన్‌ఫోమ్ ఫౌండేషన్‌ది ఒకటి, ఈఎస్‌ఐ సంస్థ అండతో పెరిగినది ఒకటి, 'ఫోమ్ ఎక్స్‌టెండ్' ఒకటి. ఒకదాని కేసు మరొకదాంట్లో నేరుగా నడవకపోవచ్చు. వివరణ గ్రంథాలు అరకొర. ప్రోగ్రాం ఉచితమే గాని నేర్చుకునే కష్టం ఉచితం కాదు. లైసెన్సు కూడా పూచీ ఏదీ ఇవ్వదు. ఫలితానికి పూచీ లెక్క చేసినవాళ్లదే.

నీటి సంగతి

మిల్లు వ్యర్థాల చెరువు నుంచి ఇంకిన నీరు తమ బోర్లను, తోటలను పాడు చేసిందని కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె రైతులు ఏళ్ల తరబడి చెబుతున్నారు. సంస్థ ఆ మాటను ఒప్పుకోలేదు. ఆ ప్రాంతపు రాయిలోనే సహజంగా యురేనియం ఉందన్నదీ నిజమే. ఇలాంటి వివాదంలో నీటి నమూనాలు ఒక సాక్ష్యమైతే, భూమి కింద నీరు ఎటు, ఎంత వేగంతో కదులుతుందన్న లెక్క మరో సాక్ష్యం. దానికీ తెరిచిన పనిముట్లున్నాయి. అమెరికా భూగర్భ సర్వే సంస్థ 1980ల నుంచి అందరికీ ఇస్తున్న 'మాడ్‌ఫ్లో' భూగర్భ జలాల లెక్కకు ప్రపంచమంతా వాడేది. రాతి రంధ్రాల్లో నీరు, గాలి కలిసి కదిలే తీరుకు ఓపెన్‌ఫోమ్ మీదే కట్టిన 'పోరస్ మల్టీఫేజ్ ఫోమ్' 2015 నుంచీ ఉంది.

ఏ ప్రోగ్రాం వాడినా పల్లెవాళ్లు అడగవలసిన ప్రశ్నలు ఇవే. రాతి పగుళ్లకు ఏ పారగమ్యత (నీటిని పోనిచ్చే గుణం) ఇచ్చారు? చెరువు అడుగున పొర ఎంత బిగువుగా ఉందనుకున్నారు? బోర్లు తోడే నీటిని లెక్కలో వేశారా? బాగా తోడే బోరు చుట్టూ నీటిమట్టం కుంగి, నీరు దానివైపే లాగబడుతుంది. అరటి తోటల సీమలో ఆ సంగతి వదిలేసిన లెక్క ప్రవాహపు దిశనే తప్పు చూపవచ్చు.

జిల్లాకు నీటి లెక్క మరో చోట కూడా తగిలింది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి కింది పల్లెలను ముంచేసింది. ఓపెన్‌ఫోమ్ తొలి పాఠాల్లో 'డ్యామ్ బ్రేక్' ఒకటి: అరమీటరు దాటిన చిన్న తొట్టిలో నీటి స్తంభం కూలి, ఎదురున్న దిమ్మెను కొట్టి ఎగసిపడుతుంది. ఏటి పొడుగునా వరద ఎప్పుడు ఎక్కడికి చేరుతుందన్నదానికి ఈడీఎఫ్ వంటి సంస్థలు కలిసి తెరిచిపెట్టిన 'టెలిమాక్' సరిపోతుంది. గేట్ల దగ్గరి ఉరవడికి ఓపెన్‌ఫోమ్ పనికొస్తుంది. ఏ పనికి ఏది వాడాలో తెలియడమే నేర్పు.

చేతులు ఇక్కడే ఉన్నాయి

తుమ్మలపల్లెకు దగ్గరలోనే పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ, ఇడుపులపాయలో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. పల్లె బడుల పిల్లలు లాప్‌టాప్‌లతో చదివే చోటు ఆ ట్రిపుల్ ఐటీ. సొరంగపు ముక్కను రెండు మితుల్లో (2డీ) లెక్కించడానికి మామూలు లాప్‌టాప్ చాలు. మూడు మితుల్లో (3డీ) సన్నని గళ్లు కావాలంటేనే పెద్ద కంప్యూటరు. ఫైనలియర్ ప్రాజెక్టుకు కారు బొమ్మ మీద గాలి పోనిచ్చే బదులు, సొరంగం కొసన నిలిచిన గాలినీ తోటల కింద నీటి నడకనూ తీసుకుంటే ఆ చదువు ఊరికి పనికొస్తుంది.

ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లే ప్రాజెక్టుల పర్యావరణ నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలోనూ ఇవ్వాలని 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ చెబుతోంది. అక్కడితో ఆగకూడదు. గాలికీ నీటికీ కంప్యూటరు లెక్క చేసిన ప్రతి నివేదికతో పాటు కేసు ఫైళ్లూ జత చేయాలి. వాటిని పక్క కాలేజీ పిల్లలు మళ్లీ నడిపి, గళ్లు సన్నం చేసి, మాటలు మార్చి చూసి, తెలుగులో ఫలితం చెప్పగలగాలి. లెక్క నిలబడితే సంస్థకు పల్లెలో నమ్మకం దక్కుతుంది. నిలబడకపోతే తప్పు దిద్దుకునే వేళ ముందే దొరుకుతుంది. ఇరవై ఏళ్లుగా ఈ పనిముట్లు ఉచితంగా అందుతున్నాయి, వాటిని వాడగల పిల్లలు జిల్లాలోనే ఉన్నారు. ఇక కావలసింది లెక్క చేసేవాళ్లు దాన్ని తెరిచి చూపడం, చూపేదాకా మనం అడగడం.